కాలవ గట్టు గడ్డి

మా అక్క ఏ జబ్బుతో చనిపోయిందో నాకు తెలియదు. ఆస్పత్రి వాళ్ళు ఒకటి చెప్పారు. ఊరు ఇంకొకటి చెప్పింది. మా బావ తనకు తోచింది నమ్మాడు. నాకు ఎవరి మాటా పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. అదే ఏడు నాకూ జ్వరం వచ్చింది. నేను బతికాను. ఎందుకు బతికానో మాత్రం తెలుసు. పొలం పని చేసే ఆడవాళ్ళకు ఉపయోగపడుతుందేమోనని అది రాస్తున్నాను.

అక్క అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. మా ఆయన అన్న దామోదరం భార్య. పేరు కమల. నేను పలమనేరు దగ్గర పల్లె నుంచి ఈ ఇంటికి వచ్చినదాన్ని. తమిళనాడులో లత్తేరికీ గుడియాత్తానికీ మధ్యలో ఉంటుంది మా ఊరు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం కానీ చదవడం వచ్చినది నాకొక్కదానికే. మిగతా వాళ్ళ చదువంతా అరవంలోనే. నెలల లెక్క కూడా అరవానిదే; ఆడి అంటే జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా. మధ్యాహ్నాలు నేను ఏదైనా చదివి వినిపిస్తుంటే అక్క చెనక్కాయలు ఒలుస్తూ వినేది. నచ్చకపోతే, "ఈ కథలో అమ్మి ఊరికే ఏడస్తా ఉండాది. ఇంకొకటి చదువు" అనేది.

బావతో నేను నేరుగా మాట్లాడే అలవాటు లేదు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య అన్న ఎదురుగా నిలబడి మాట్లాడదు. చెప్పాల్సింది అక్కకు చెప్పేదాన్ని, అక్క ఆయనకు చెప్పేది. ఆమె పోయాక ఆ దారి కూడా పోయింది.

ఆడి నెల

మా ఆయన మురళి ఆంబూరులో ఒక బూట్ల కంపెనీలో పని చేసేవాడు. లాక్‌డౌన్‌లో కంపెనీ మూశారు. మళ్ళీ తెరవగానే ఆయన రోజూ బండి మీద పోయి రావడం మొదలుపెట్టాడు. బావకు అది నచ్చలేదు. వద్దని తమ్ముడికి చెప్పలేక, కోపమంతా కూలికి వచ్చే వాళ్ళ మీద చూపించాడు.

అంజలమ్మ, ఆమెతో వచ్చే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి మా చేలో కలుపు తీస్తున్నారు, మా ఆవులకు గడ్డీ వాళ్ళే కోసి వేసేవాళ్ళు. ఒకరోజు పొద్దున వాళ్ళు రాగానే బావ గట్టు మీదే ఆపేశాడు.

"కొన్నాళ్ళు రావద్దండమ్మా. మీరు నాలుగు చేన్లకు పొయ్యేవోళ్ళు. యాడ ఏం అంటించుకుంటారో ఎవురికి తెలుసు?"

అంజలమ్మ కొడవలి నడుముకు దోపుకుని నిలబడింది. "సరి నాయనా, మేము నాలుగు చేన్లకు పోతాము. మీ తమ్ముడు దినమూ ఆంబూరు పోయి వస్తాడే, ఆయప్పను ఏ గట్టు మీద నిలబెట్టినారు?"

వెనకున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"పోనీలే, మీ కలుపు మీరే తీసుకోండి. ఒంటికి మంచిది" అని అంజలమ్మ వెళ్ళిపోయింది.

అలా అక్కా నేనూ చేలోకి దిగాము. కలుపు సంగతి ఎలా ఉన్నా, ఆవులకు గడ్డి కావాలి కదా. చేను చివర కాలవ గట్టు ఉంది. కాలవలో నీళ్ళు లేక గట్టంతా కంపచెట్లు, పొదలు పెరిగిపోయి ఉండేవి. వాటి మధ్య గడ్డి ఏపుగా ఉండేది. దాన్ని కోసి, కొంగు నడుముకు చుట్టి ఒడి కట్టి, ఒడి నిండా దోపుకుని తెచ్చేవాళ్ళం. గంప తీసుకుపోవచ్చు. కానీ ఒడి కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అక్కకు మా అత్త నేర్పింది, నాకు అక్క నేర్పింది.

ఆ రోజుల్లో మా ఇంటి జాగ్రత్తలు చెబితే నవ్వొస్తుంది. గేటు దగ్గర సబ్బు, పసుపు నీళ్ళ బకెట్టు. గుమ్మానికి వేపాకు. సంతలో కొన్న కూరగాయలు ఎండలో పెట్టి గానీ లోపలికి తీసుకునేవాళ్ళం కాదు. మా ఆయన బట్టలు బయటే నానబెట్టేవాళ్ళం. ఆయన తినే తట్ట వేరు, గ్లాసు వేరు. ఒడిలో గడ్డితో మేము మాత్రం నేరుగా ఆవుల కొట్టంలోకి వెళ్ళి, దులుపుకుని, అదే చీరతో వంటింట్లోకి వెళ్ళేవాళ్ళం. గడ్డి మనది, గట్టు మనది, అక్కడికి వేరే మనిషి రాడు. మనిషి లేని చోట రోగం ఉండదని మా లెక్క.

మా ఆయన మీద నాకు ఒక అనుమానం ఉండేది. ఆడి తర్వాతి ఆవణి నెలలో ఒకరోజు మా ఆయన కాఫీ తాగుతూ, "వాసనే రాలేదే" అన్నాడు. నేను ఆయన ముఖం చూశాను. "జలుబులే" అన్నాడు. మర్నాడు వాసన వచ్చిందన్నాడు. వచ్చిందో, వచ్చిందని అన్నాడో నాకు తెలియదు. కంపెనీకి పోవడం మానలేదు.

పురటాసి

అక్కకు మొదట తలనొప్పి. తర్వాత జ్వరం. తిరుపతి వెంకన్నకు శనివారాలు ఉండే నెల కాబట్టి ఉపవాసాల నీరసం అనుకుంది. జ్వరం తగ్గకపోయేసరికి బావ ఆమెను వెనక గదిలో పడుకోబెట్టి, ఎవరూ లోపలికి పోవద్దన్నాడు. గంజి గడప దగ్గర పెట్టి నేను పక్కకు తప్పుకుంటే, ఆమె లేచి వచ్చి తీసుకునేది.

"ఏమే, నన్ను చూస్తే పులి మాదిరి ఉండానా?" అంది ఒకసారి.

"నేను వస్తా అంటే బావ అరుస్తాడు అక్కా."

"అరవనీలే. ఆ కథలో అమ్మి ఏమాయె? ఏడుపు మానిందా?"

గడప అవతల కూర్చుని చదివాను. ఆమె మధ్యలోనే నిద్రపోయింది.

ఊపిరి అందకపోయేసరికి గుడియాత్తంలో ఒక చిన్న ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ముక్కులో పుల్ల పెట్టి చూస్తే కరోనా లేదని వచ్చింది. స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో మసక ఉందన్నారు. "పుల్ల తప్పు చెప్పొచ్చు, ఇది చెప్పదు" అని అక్కడి డాక్టరు ఆమెను కరోనా వార్డుకు పంపాడు. ఆయన్ను తప్పుపట్టను. ఆ నెలలో ఏ జ్వరం వచ్చినా అందరికీ ఒకే పేరు గుర్తుకొచ్చేది. ఒంటి మీద చెయ్యి వేసి చూసేవాళ్ళు లేరు. దూరం నుంచే చూసేవాళ్ళు.

అక్క ఆ వార్డులోనే పోయింది. మాకు ఇచ్చింది కట్టేసిన మూట. ముఖం కూడా చూపించలేదు. అన్నదమ్ములిద్దరూ శ్మశానం గోడ దగ్గర నిలబడి చూసి వచ్చారు.

ఇంటికి రాగానే బావ గేటు దగ్గరే తిరిగి నిలబడ్డాడు. "నీ కంపెనీ తెచ్చింది రా ఇంట్లోకి" అన్నాడు తమ్ముడితో.

"అన్నా, టెస్టులో లేదని వచ్చింది గదా."

"లేకపోతే ఆ మూట ఏమిటికి కట్టినారు రా?"

ఆ వారంలోనే ఇంటి మధ్య తలుపుకు గొళ్ళెం పడింది. బావ తన వైపు ఇంకో పొయ్యి పెట్టుకున్నాడు. కొట్టం ఒక్కటే ఉమ్మడిగా మిగిలింది. ఆవులను పంచుకోవడానికి ఎవరికీ ఓపిక లేదు.

నేను మాత్రం ఆ కాఫీ వాసన గురించే ఆలోచిస్తుండేదాన్ని. మా ఆయన నిద్రలో దగ్గితే లెక్క పెట్టుకునేదాన్ని. ఆయనకు అది తెలుసు. ఒకరి ఎదురుగా ఒకరం అన్నం తినడం తగ్గిపోయింది.

కార్తీకం

అక్క పోయాక గడ్డికి నేనొక్కదాన్నే పోయేదాన్ని. వానలు పడి గట్టు మీద గడ్డి నడుము దాకా పెరిగింది.

నాకూ తలనొప్పితోనే మొదలైంది. కళ్ళ వెనక ఎవరో వేలితో నొక్కుతున్నట్టు ఉండేది. తర్వాత చలి. ఎవరికీ చెప్పలేదు. చెబితే అక్కను తీసుకుపోయిన చోటికే నన్నూ తీసుకుపోతారని భయం. పొయ్యి దగ్గర కూర్చుంటే ఒళ్ళు వేడిగా ఉన్నా ఎవరికీ అనుమానం రాదని ఎక్కువసేపు అక్కడే కూర్చునేదాన్ని.

కాఫీ అందుకుంటున్నప్పుడు మా ఆయన చెయ్యి నాకు తగిలింది.

"కాలిపోతా ఉండాది గదే!" అని ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగు నేను చూశాను. నేను చూసినట్టు ఆయనా చూశాడు. వెంటనే ముందుకు వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి తీయకుండా నిలబడ్డాడు.

గోడ అవతల నుంచి బావ గొంతు వినపడింది. "ఇంకొకరిని కూడా పంపించి గానీ వాడు పని మానడు."

నేను గుడియాత్తం రానన్నాను. చస్తే ఇంట్లోనే చస్తానన్నాను. మా ఆయన నాతో వాదించకుండా బయటికి వెళ్ళి, వేలూరు పోవడానికి వ్యాను కోసం తిరిగాడు. జ్వరం మనిషిని ఎక్కించుకోవడానికి ఎవరూ రాలేదు. చివరికి పళ్ళికొండ దగ్గర హోటళ్ళకు సరుకులు వేసే శేఖర్ అనే ఆయన వచ్చాడు. తన సీటు వెనక ప్లాస్టిక్ పట్ట కట్టుకుని వచ్చాడు.

"అమ్మా, దగ్గు వస్తే ముందుగా ఒక మాట చెప్పండి, నేను ఊపిరి బిగబడతా. తుమ్ము అయితే చెప్పనక్కర్లేదు, దాన్ని ఎవురూ ఆపలేరు" అన్నాడు.

నవ్వితే తల పగిలిపోయేట్టు ఉంది, అయినా నవ్వొచ్చింది. దారిలో ఆయన రెండుసార్లు బండి ఆపి, పట్ట పక్కకు జరిపి, నేను ఎలా ఉన్నానో చూశాడు. ఆయన ముఖం ఇప్పుడు గుర్తు లేదు. మాస్కు పైన కళ్ళు మాత్రం గుర్తున్నాయి.

వేలూరు ఆస్పత్రిలో జ్వరం వాళ్ళకు బయట పందిరి వేశారు. దూరం దూరంగా కుర్చీలు. అక్కడ ఒకరినొకరు చూసుకునే చూపులు నేను మర్చిపోలేను. ఎవరైనా గొంతు సవరించుకుంటే పది తలలు తిరిగేవి. నా పక్కన ఒక ముసలాయన తన కుర్చీని కొంచెం కొంచెంగా అవతలికి జరుపుకుంటున్నాడు. నేను చూస్తే జరపడం ఆపేవాడు. తర్వాత నేనూ నా ఇంకో పక్కన కూర్చున్న ఆవిడ నుంచి అలాగే జరుగుతున్నానని తెలిసింది.

పుల్ల పెట్టి చూసి కరోనా లేదన్నారు. నేను నమ్మలేదు. అక్కకూ అలాగే అన్నారు కదా.

లోపలికి పిలిచారు. పైనుంచి కింది దాకా కవరు తొడుక్కున్న ఒక నర్సు చెవుల వెనక చూసింది, చంకలు చూసింది. తర్వాత చీర వదులు చేయమంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"పయపడాదీంగమ్మా" అని తమిళంలో ధైర్యం చెప్పి, "నాడా కూడా విప్పాలి" అంది.

"అక్కడ ఏమీ లేదు. నాడా ఒరుసుకుని నల్లబడింది, అంతే."

"అందరూ అదే అంటారు" అంది ఆమె.

చీర కట్టే ఆడవాళ్ళకు తెలుసు. లోపావడ నాడా బిగించి వంగి పని చేస్తే నడుము చుట్టూ నల్లగా చార పడుతుంది. అప్పుడప్పుడు పుండు అవుతుంది. కొబ్బరినూనె రాసి వదిలేస్తాం. మొగుడికి కూడా చూపించం. నర్సు టార్చి వేసి ఆ చార వెంట చూస్తూ వచ్చి ఒక చోట ఆగింది. అక్కడ చుట్ట కొస తగిలి కాలినట్టు చిన్న నల్లటి పక్కు ఉంది. నాకు నొప్పి లేదు, దురద లేదు. ఉందనే తెలియదు.

డాక్టరు వచ్చి చూశాడు. కుర్రవాడు. "పొదల్లో పని చేస్తారా? గడ్డి కోస్తారా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఎవరిని కలిశారు, ఎక్కడికి వెళ్ళారు అని అడగడమే అన్ని నెలలూ విన్నాను. గడ్డి గురించి ఎవరూ అడగలేదు.

అది స్క్రబ్ టైఫస్ అన్నాడు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి లాంటి పురుగు కుడితే వస్తుందట. బట్ట బిగుతుగా ఉన్న చోట చేరి కుడుతుందట. మనిషి నుంచి మనిషికి అంటదు. మా వైపు వానలు పడ్డాక, చలి రోజుల్లో ఎక్కువ. తొందరగా పట్టుకుంటే మాత్రలతో పోతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా పోతుంది అన్నాడు.

నన్ను సముదాయించడానికి చెబుతున్నాడనుకున్నాను. ఇంత కొత్త పేరు ఉన్న జబ్బు ఇంత మామూలు మాత్రతో పోతుందంటే ఎవరు నమ్ముతారు? మాత్ర వేసుకుని, రాత్రికి కరోనా వార్డుకు మారుస్తారని ఎదురుచూశాను. మార్చలేదు. రెండు రోజులకు జ్వరం దిగింది. ఇడ్లీ రుచి తెలిసింది.

ఇంటికి పంపే ముందు డాక్టరును అడిగాను. "మా అక్కది కూడా ఇదే అయి ఉంటుందా?" ఆమె జ్వరం ఎలా వచ్చిందో అంతా చెప్పాను.

ఆయన అంతా విని అడిగాడు. "ఆమె ఒంటి మీద ఇలాంటి పక్కు ఎవరైనా చూశారా?"

ఎవరు చూస్తారు? ఇంట్లో గడప అవతల నుంచి చూశాం. అక్కడా దూరం నుంచే చూశారు. తర్వాత మూట కట్టారు.

"అయితే చెప్పలేం అమ్మా. ఇదీ కావచ్చు, అదీ కావచ్చు" అన్నాడు.

ఇక్కడ చెప్పాల్సింది చెప్పేస్తాను. గడ్డిలో, పొదల్లో పని చేసే వాళ్ళకు జ్వరం వచ్చి రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే, బట్ట బిగిసే ప్రతి చోటా చూసుకోండి. నడుము, చంకలు, రొమ్ముల కింద, మగవాళ్ళకు మొలతాడు కింద. కనపడకపోయినా ఆస్పత్రికి వెళ్ళి గడ్డి పని చేస్తామని మీరే చెప్పండి. వాళ్ళు అడిగే దాకా ఆగకండి.

మార్గళి

నేను తేరుకున్నాక మా ఆయన ముఖంలో కొన్ని నెలలుగా లేని వెలుగు కనిపించింది. "అన్నకు చెప్పు. నేను తేలేదని చెప్పు."

"అక్కది అదేనని డాక్టరు అనలేదు."

"కాదని కూడా అనలేదు గదా!"

నేను కాఫీ వాసన సంగతి ఎత్తలేదు. ఇంకో సంగతి నా నోరు కట్టేసింది. అక్కను గడ్డే చంపిందని చెబితే, గడ్డికి ఆమె ఎందుకు పోయిందన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అంజలమ్మ వాళ్ళను రావద్దన్నది ఎవరు? తమ్ముడి మీదున్న నింద తీసి అన్న మీద వేయడమే అవుతుంది. భార్య పోయిన మనిషికి కోపం ఒక్కటే మిగిలి ఉంటే, అదీ తీసేసుకుని చేతిలో ఈ నిందను పెట్టాలా?

మా ఆయన ఆగలేదు. గోడ మీదుగా అరిచాడు. "విన్నావా అన్నా? గడ్డిలో పురుగంట! కంపెనీలో కాదంట!"

అవతల నుంచి "కథలు" అని ఒక్క మాట వచ్చింది.

కొన్నాళ్ళకు నేను కొట్టంలో పాలు పితుకుతుంటే బావ వచ్చాడు. నా వైపు చూడకుండా ఇంకో ఆవు మెడ నిమురుతూ నిలబడ్డాడు. ఆ ఆవుతోనే మాట్లాడాడు.

"ఏమే, ఆ డాక్టరు ఏమన్నాడంట?"

నేను నా ముందున్న ఆవుకు జవాబు చెప్పాను. "అక్కకు ఏ జ్వరమో చెప్పలేమన్నాడు."

"గడ్డికి పొమ్మనింది ఎవురంట?"

"ఎవురూ పొమ్మనలేదు. మేమే పోతిమి."

"అంజలమ్మోళ్ళను రావద్దనింది ఎవురో తెలుసునా ఈ ఆవుకు?"

పాలు చెంబులో పడే చప్పుడు ఆగింది.

"చెప్పలేమన్నాడు గదా. అయితే కరోనానే" అన్నాడు. "వాడు తెచ్చిందే." ఆవు మెడ మీద ఒకసారి తట్టి వెళ్ళిపోయాడు.

మా ఆయనకు ఈ సంగతి చెబితే ఆ పూట అన్నం తినలేదు.

మాసి

చలి తగ్గింది. అంజలమ్మకు బావే కబురు పెట్టాడని ఊళ్ళో విన్నాను. ఆమె వచ్చింది. నేను పందిట్లో ఉంటే నా దగ్గరికి వచ్చి, మూడు మూరల దూరంలో ఆగి, "నీది అంటేది కాదంట గదమ్మా?" అంది.

"కాదు."

"కాకపోతే సరి" అంటూ ఇంకో మూర వెనక్కి జరిగి కూర్చుంది. నన్ను నమ్మలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మను. పక్కు గురించి చెబితే విని, "మాకు నడుముల నిండా పుండ్లే, దేన్నని చూపించేది?" అంది. అయినా కొంచెం సేపటికి తన వాళ్ళను పక్కకు పిలిచి ఏదో చెప్పడం చూశాను.

ఒకరోజు ఎండ బాగా ఎక్కాక, మా ఆయనకు సద్ది తీసుకుని చేను వైపు వెళ్ళాను. ఆయన కంపెనీ మానేసి అప్పటికి చేలోనే ఉంటున్నాడు. కాలవ గట్టు వైపు నుంచి కంపలు నరుకుతున్న చప్పుడు వినిపించింది.

బావ. ఒక్కడే. గట్టు మొదటి నుంచి పొదలన్నీ నరికి కుప్పలు వేసుకుంటూ వచ్చాడు. సగం గట్టు బయటపడి ఉంది. మా ఆయన చేను ఈ చివర నిలబడి చూస్తున్నాడు. నన్ను చూసి, "పొద్దున్నించీ అదే పని. ఏం అడిగినా పలకడు" అన్నాడు.

బావ ఒంటి మీద తువ్వాలు, మొలతాడు తప్ప ఏమీ లేదు. గడ్డిలో మోకాళ్ళ దాకా దిగి, పొదల్లోకి వీపు వంచి నరుకుతున్నాడు. చొక్కా ఒక కొమ్మకు వేలాడుతోంది.

ఆవులు దగ్గరలో లేవు. చెప్పించడానికి అక్క లేదు. నేను గట్టు దాకా నడిచి, పైకి ఎక్కకుండా కింద నిలబడ్డాను.

"బావా."

కత్తి ఆగింది. ఆయన తిరగలేదు. అన్నేళ్ళలో నేను ఆయన్ను అలా పిలవడం అదే మొదటిసారి.

"చొక్కా వేసుకో బావా. ఒళ్ళు కప్పుకుని చెయ్యి."

కథలని కొట్టేసిన జబ్బుకు ఎవరూ చొక్కా వేసుకోరు. అది ఆయనకూ తెలుసు, చూస్తున్న తమ్ముడికీ తెలుసు.

కత్తి గట్టు మీద పెట్టాడు. కొమ్మ మీంచి చొక్కా తీసి, గట్టిగా దులిపి, చేతులు దూర్చి, కింది నుంచి మెడ దాకా ఒక్కో గుండీ పెట్టుకున్నాడు.